జీడితోట గుత్త, చిలికా చేప: నోటిమాట ఎంతవరకు చెల్లుతుంది?

ఒడిశాలోని పర్లాకిమిడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో మా చిన్నాన్నకి నాలుగెకరాల జీడితోట ఉంది. ఆ ఏడు మాఘమాసంలో తోట పూత మీద ఉండగా ఆంధ్రాలోని పలాస వైపు నుంచి ఒక షావుకారు వచ్చి చెట్టు చెట్టూ తిరిగి చూశాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ బేరం ఆడారు. ఆ సీజను కాపు మొత్తం 80 వేలకి గుత్త. కోత మొదలయ్యేలోపు సగం, అయ్యాక మిగతా సగం. షావుకారు జేబులోంచి 5 వేలు తీసి బయానాగా చిన్నాన్న చేతిలో పెట్టాడు. పిన్ని ఆ నోట్లు తీసుకెళ్లి దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద దాచింది. కాగితం లేదు, సంతకం లేదు. చూసినవాళ్లు ఎవరంటే నేనూ, పక్కింటి పెద్దాయనా.

నెల తిరక్కుండా గింజ ధర పెరిగింది. ఇంకో వ్యాపారి వచ్చి లక్షా పది వేలు ఇస్తానన్నాడు. చిన్నాన్నకి ఆశ పుట్టింది. ఎవరికి పుట్టదు? "ఆయన బయానా ఆయనకి పడేద్దాం. కాగితమే లేదు కదా, ఏటవుద్ది?" అన్నాడు.

ఈ "కాగితమే లేదు కదా" అన్న మాట గుణుపురంలో విన్నాను, రాయగడలో విన్నాను, బరంపురం బట్టల కొట్లలో విన్నాను. దీనికి జోడీగా ఇంకో మాట కూడా ఉంది: "స్టాంపు పేపరు మీద రాయించాం కదా, ఇంక భయమేంటి?" నా లెక్కలో రెండూ తప్పే. కాగితం లేకపోయినా కట్టిపడేసే మాటలున్నాయి. వంద రూపాయల స్టాంపు మీద నోటరీ ముద్ర కొట్టించినా నీటి మీద రాతగా మిగిలేవీ ఉన్నాయి. ఏది ఏదో తెలియాలంటే చట్టం ముందుగా ఏం అడుగుతుందో చూడాలి.

ఈ సంగతులు చూసేది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్పటికి మా ఊళ్లున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక మా ఊళ్లకి రాష్ట్రం మారింది గానీ ఈ చట్టం మారలేదు. పర్లాకిమిడిలో బేరం ఆడినా, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లి ఆడినా ఇదే వర్తిస్తుంది.

దాని పదో సెక్షను చదివి వినిపిస్తే చిన్నాన్న మొహం వాడిపోయింది. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఉండాలి. ఇద్దరికీ ఒప్పుకునే అర్హత ఉండాలి, అంటే పద్దెనిమిది నిండి, మతి స్థిమితంగా ఉండాలి. ఒకరిచ్చేదానికి ఇంకొకరి నుంచి బదులుగా ఏదో ఉండాలి. చేసే పని చట్టం ఒప్పుకునేదై ఉండాలి. ఇదీ జాబితా. ఇందులో రాతకోతల ఊసు లేదు. వేరే చట్టం ఏదైనా ఫలానా దానికి రాత కావాలని, రిజిస్ట్రేషన్ కావాలని పట్టుబడితే తప్ప నోటిమాట కూడా పూర్తి ఒప్పందమే.

అరుగు మీద జరిగింది అదే. "80 వేలకి ఇస్తారా?" అన్నది ప్రతిపాదన. "సరే, పట్టుకెళ్లండి" అన్నది అంగీకారం. చిన్నాన్న "85 అయితే చూద్దాం" అని ఉంటే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. బంతి మళ్లీ షావుకారు కోర్టులో పడేది. "సరే" అనేదాకా ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత కాదు.

మరి బయానా? బయానా ఇస్తేనే బేరం ఖాయమని మనవాళ్ల నమ్మకం. ఒడియావాళ్లు కూడా దాదాపు ఇదే మాట వాడతారు, ఇదే నమ్మకం వాళ్లకీ ఉంది. చట్టం లెక్క వేరు. కాపు ఇస్తానని ఒకరు, 80 వేలు ఇస్తానని ఇంకొకరు మాట ఇచ్చుకున్నాక ఆ మాటలే ఒకదానికొకటి బదులు. పసుపు డబ్బా కింది 5 వేలు ఒప్పందాన్ని పుట్టించలేదు, పుట్టిందని చెప్పే సాక్ష్యం మాత్రమే. గట్టి సాక్ష్యమే అనుకోండి. "బేరమే కుదరలేదు" అని రేపు చిన్నాన్న అంటే, "మరి ఆ డబ్బు ఎందుకు పుచ్చుకున్నావు?" అని అడుగుతారు.

బదులు లేని మాట

బదులు అని ఊరికే అనలేదు. దీన్నే చట్టంలో ప్రతిఫలం అంటారు. వట్టి చేతులతో ఇచ్చిన మాటని కోర్టు వెంటపడి చేయించదు. బరంపురంలో ఠకురాణి యాత్ర వస్తుంది. చందా పుస్తకంలో పది వేలు రాయించి, తీరా వసూలుకి వెళ్తే తలుపు తీయని పెద్దమనుషులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్ల మీద దావా వేయొచ్చా?

దీనికి రెండు పాత తీర్పులు రెండు రకాలుగా జవాబు చెబుతాయి. హౌరాలో టౌన్‌హాలు కట్టడానికి చందాలు రాయించుకుంటే ఒకాయన 100 రూపాయలు రాశాడు. ఆ చందాలని నమ్ముకుని కమిటీవాళ్లు కంట్రాక్టరుకి పని ఒప్పజెప్పారు. ఆయన ఇవ్వనన్నాడు. కట్టాల్సిందేనని 1886లో కలకత్తా హైకోర్టు చెప్పింది. 1914లో అలహాబాదు హైకోర్టుకి వచ్చిన కేసులో మసీదు బాగుచేతకి ఒకాయన 500 ఇస్తానన్నాడు, కానీ ఆ మాటని నమ్ముకుని ఎవరూ ఒక్క ఇటుక కూడా కదపలేదు. ఆ చందా వసూలు కాలేదు. తేడా దేవుడిలోనో మనిషిలోనో లేదు. నీ మాట మీద అవతలివాడు నిజంగా చెయ్యి కాల్చుకున్నాడా లేదా అన్నదే చూశారు.

ఇంట్లోవాళ్ల మధ్య మాట అయితే ఇంకాస్త చిక్కు. "నీ పెళ్లికి రెండు లక్షలు పెడతాను" అని మేనమామ అన్నంత మాత్రాన అది ఒప్పందం కాదు. దగ్గరి బంధువుల మధ్య ప్రేమకొద్దీ ఇచ్చిన మాట చెల్లాలంటే అది రాసి, రిజిస్టరు అయి ఉండాలని ఇరవై అయిదో సెక్షను అంటుంది. అయితే మన తెలుగువాళ్ల కేసే ఒకటి ఈ లెక్కని కొత్త దారి పట్టించింది. ఒక పెద్దావిడ తన ఆస్తి కూతురికి రాసిస్తూ, నా తోబుట్టువులకి ఏటా 653 రూపాయలు ఇస్తూ ఉండాలని దస్తావేజులో షరతు పెట్టింది. అలాగే ఇస్తానని కూతురు విడిగా వాళ్లకి రాసిచ్చింది కూడా. తర్వాత మానేసి, "వాళ్లు నాకేం ఇచ్చారని నేను ఇవ్వాలి?" అంది. చిన్నయ్య, రామయ్య పేర్లతో లా కాలేజీల్లో ఇప్పటికీ చెప్పే కేసు ఇది. బదులు మాట పుచ్చుకున్నవాళ్ల దగ్గర్నుంచే రానక్కర్లేదని, తల్లి ఇచ్చిన భూమే ఈ మాటకి బదులని 1882లో మద్రాసు హైకోర్టు తేల్చింది. పెద్దావిడ పోయినా షరతు పోలేదు.

కోడిపందెం మీద, క్రికెట్ మీద కాసిన పందేలకి బదులు ఉన్నా లాభం లేదు. పందెపు ఒప్పందాలు చెల్లవని ముప్పయ్యో సెక్షను మొహం మీదే చెప్పేసింది. పదిహేడేళ్ల కుర్రాడు అప్పు తీసుకుని సంతకం పెట్టినా అంతే, అది ఒప్పందమే కాదని 1903లో, అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ చెప్పిన మాట ఇప్పటికీ నిలబడి ఉంది.

కాయ కదులుతుంది, చెరువు కదలదు

మళ్లీ తోటకి వద్దాం. "చెట్లు భూమిలో ఉన్నాయి కదా. భూమి బేరం అంటే రిజిస్ట్రేషన్ ఉండాలి కదా. మరి ఇది ఎలా చెల్లుతుంది?" అని చిన్నాన్న పట్టుకున్నాడు. మంచి ప్రశ్నే. డిగ్రీలు చదివినవాళ్లు కూడా ఇంత సూటిగా అడగరు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏది కదిలే ఆస్తో చెబుతూ నిలబడి ఉన్న కలప, పెరుగుతున్న పంట, గడ్డి, చెట్టు మీది కాయ, చెట్టులోని రసం అన్నిటినీ ఆ గంపలోనే వేసింది. కోయని జీడికాయ, గీయని కల్లు, రెండూ కదిలే సరుకే. నాకు ఈ నిర్వచనం భలే ఇష్టం. తాటిచెట్టులో ఊరుతున్న రసాన్ని కూడా గుర్తుపెట్టుకుని రాశారంటే ఆ రాసినవాళ్లకి పల్లెటూళ్ల సంగతి బాగానే తెలుసు. కాబట్టి ఒక సీజను కాపు అమ్మడం సరుకు అమ్మడమే. 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టం ప్రకారం సరుకు బేరం నోటితో కూడా కుదురుతుంది. లక్ష రూపాయలైనా సరే.

అయితే ఇదే తర్కం పట్టుకుని చిలికా సరస్సులో దిగినవాళ్లు మునిగారు. పారికూద్ రాజా ఎస్టేటులో చిలికాలో కొంత భాగం ఉండేది. కొందరు రాజాకి డబ్బు కట్టి, ఫలానా చోట ఫలానా కాలం చేపలు పట్టుకునే హక్కు నోటిమాట మీద తీసుకున్నారు. ఇంతలో ఎస్టేట్ల రద్దు చట్టం కింద ఆ ఎస్టేటు ఒడిశా ప్రభుత్వం చేతికి వచ్చింది. రాజా ఇచ్చిన మాటతో మాకు పని లేదు, మళ్లీ వేలం వేస్తాం అంది ప్రభుత్వం. వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. మేం కొన్నది చేపలే కదా, చేప కదిలే సరుకే కదా అన్నారు. 1955లో వచ్చిన తీర్పు సారాంశం ఏంటంటే, మీరు కొన్నది గంపలో ఉన్న చేపలు కాదు, ఇంకా పట్టని చేపల కోసం ఆ నీళ్లలోకి వెళ్లి పట్టుకుపోయే హక్కు. అది భూమి నుంచి వచ్చే లాభం. భూమితో పాటు లెక్క. వంద రూపాయలు దాటితే రాతపూర్వకంగా, రిజిస్టరు అయి ఉండాలి. నోటిమాట పోయింది, దాంతోపాటు కట్టిన డబ్బు మీద ఆశా పోయింది.

జీడితోటకీ చిలికాకీ గీత ఎక్కడుందో ఇప్పుడు కనిపిస్తుంది. ఈ మాఘంలో పూత చూసి, వైశాఖానికి కోసుకుపోయే కాపు అయితే సరుకు. "నాలుగేళ్లకి తోట నీకు అప్పజెప్తున్నాను, ఎరువు నువ్వే, కాపలా నువ్వే, కాయ నువ్వే" అంటే అది మెల్లగా భూమి వైపు జరుగుతుంది. కౌలు ఏడాది దాటితే దాని దస్తావేజు రిజిస్టరు చేయించాలని రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. మావైపు మూడేళ్లు, నాలుగేళ్ల గుత్తలు నోటిమాట మీద నడిచేవే ఎక్కువ. గొడవ రానంతకాలం బాగానే నడుస్తాయి.

ఇక్కడే ఇంకో గోతి గురించి చెప్పాలి. రాయగడ, కోరాపుట్ జిల్లాలు మొత్తం, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో గుమ్మ, ఆర్.ఉదయగిరి లాంటి చోట్లు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ సవరల భూమి, కోందుల భూమి గిరిజనేతరుడు కొనడం 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ కింద కుదరదు. 2002లో అమల్లోకి వచ్చిన సవరణతో అంతకుముందు ఉన్న చిన్న సందు కూడా మూసేశారు. ఆంధ్రా వైపు అందరికీ తెలిసిన గిరిజన భూముల చట్టం 1/70కి ఇది అన్న లాంటిది. అయినా స్టాంపు పేపరు మీద "అగ్రిమెంటు" రాయించుకుని, నోటరీ చేయించి, డబ్బు కట్టి ఇల్లు లేపినవాళ్లు మనలో ఉన్నారు. చట్టం వద్దన్న పని కోసం చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం ఇరవై మూడో సెక్షను కింద చెల్లదు. దాని మీద సాక్షులు పదిమంది ఉన్నా, ఫొటోలు అంటించినా చెల్లదు. పోనీ డబ్బైనా తిరిగి రాదా అంటే, చెల్లదని తెలియక ఇచ్చినవాడికి అరవై అయిదో సెక్షను దారి చూపిస్తుంది గానీ, తెలిసే తప్పు చేసినవాడి మొర కోర్టులు సాధారణంగా వినవు. ఈ ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ "నాకు తెలియదు" అంటే నమ్మేదెవరు?

ఒడియా కాగితం

మాలో చాలామందికి ఒడియా సంతలో సరిపడా వస్తుంది. చదవడం దగ్గరే వస్తుంది తంటా. దస్తావేజు ఒడియాలో ఉంటుంది, మనం చివరి పేజీలో తెలుగులో సంతకం పెట్టి వస్తాం. ఇద్దరూ ఒకే సంగతిని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అని పదమూడో సెక్షను చెబుతుంది. సరిహద్దులో బతికేవాళ్లకి ఈ చట్టం మొత్తంలో ఇంతకన్నా అవసరమైన వాక్యం లేదనిపిస్తుంది నాకు.

రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒడియా కాగితంలో "కబలా" అని ఉంటే అమ్మకం. "బంధక" అని ఉంటే తాకట్టు. ఇంటి స్థలం తాకట్టు పెట్టి లక్ష తెచ్చుకుందామని వెళ్లిన మనిషి కబలా మీద సంతకం పెట్టి వస్తే ఏమవుతుంది? "నేను చదవలేదు" అన్నది మామూలుగా సాకుగా నిలవదు. సంతకం పెట్టావంటే ఒప్పుకున్నట్టే. కానీ తాకట్టు అని చెప్పి అమ్మకం మీద సంతకం పెట్టిస్తే అది మోసం. అందులోనూ రెండు మెట్లున్నాయి. కాగితం రకమే వేరని అబద్ధమాడి పెట్టిస్తే అసలు ఒప్పందమే పుట్టలేదు. రకం అదే అయినా లోపలి వివరాల్లో మోసం చేస్తే, ఒప్పందం పుట్టింది గానీ మోసపోయినవాళ్లకి దాన్ని రద్దు చేయించుకునే హక్కుంది. ఒక భర్త తన భార్య చేత దానపత్రం మీద సంతకం పెట్టించుకుంటూ, ఆమె ఒప్పుకున్న భూములకి తోడు ఆమెకి తెలియకుండా ఇంకొన్ని కలిపేసిన కేసులో 1968లో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచి చెప్పింది. రెండో రకం అయితే గడియారం నడుస్తూ ఉంటుంది. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలో కోర్టు మెట్లు ఎక్కాలి.

అంకెల సంగతి ఇంకా తమాషా. ఒడియా నాలుగు చూడటానికి అచ్చం పైన నోరు తెరిచిన ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. తొందరలో రాస్తే ఆ నోరు మూసుకుపోతుంది. 40 వేల హ్యాండ్‌నోటు (ప్రామిసరీ నోటుని ఇక్కడ అలాగే అంటారు) 80 వేలుగా కనిపించడానికి చెడ్డ బుద్ధి కూడా అక్కర్లేదు, ముక్కు అరిగిన పెన్ను చాలు. అందుకే అంకెల పక్కన అక్షరాల్లో రాయాలి. నోట్లు, చెక్కుల విషయంలో అంకెకీ అక్షరానికీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే మొత్తమని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతోంది. ఒడియా దస్తావేజు అయితే "చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పాక సంతకం పెట్టారు" అన్న ఒక వాక్యం, చెప్పిన మనిషి పేరు, సంతకం కింద రాయించుకోండి. రాసే ఆయన విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

బెదిరించి పెట్టించిన సంతకం సంగతి తెలిసిందే. కానీ బెదిరింపు తన మీదే అయితే? మన తెలుగింటి కేసే ఇంకొకటి. ఒకాయన, మీరు సంతకం పెట్టకపోతే ప్రాణం తీసుకుంటానని భార్యనీ కొడుకునీ బెదిరించి, వాళ్ల ఆస్తి హక్కు తన సోదరుడికి వదులుకుంటున్నట్టు రాయించుకున్నాడు. అమ్మిరాజు, శేషమ్మల కేసు అంటారు. 1917లో మద్రాసు హైకోర్టులో ఒక జడ్జి విభేదించినా, ఎక్కువమంది ఇది బలవంతమేనని, ఆ పత్రాన్ని రద్దు చేసుకోవచ్చని తేల్చారు. ఇంట్లో జరిగే బ్లాక్‌మెయిల్‌కి కూడా పేరుందని నూరేళ్ల కిందటే చెప్పారన్నమాట.

నా చేతిరాత చేసిన పని

ఇంతమందికి చెప్పే నేను ఏం చేశానో కూడా చెప్పాలి. ఒక స్నేహితుడికి 40 వేలు అప్పిచ్చాను. నోటు రాయించుకున్నాను, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పెట్టించుకున్నాను. ఆ స్టాంపు లేని నోటుని తర్వాత జరిమానా కట్టి కూడా కోర్టులో సాక్ష్యంగా పెట్టలేం. మామూలు అగ్రిమెంటుకి ఆ వెసులుబాటు ఉంది, నోటుకి లేదు. ఇది తెలుసు కాబట్టి నన్ను నేను తెలివైనవాణ్ని అనుకున్నాను. ఏడాదిన్నరకి అతను 5 వేలు తెచ్చి ఇచ్చాడు. నోటు వెనక తిప్పి, తారీఖు వేసి, "5,000 చెల్లు" అని నేనే రాసుకున్నాను.

నోటు రాసిన నాలుగో ఏట వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన నోటు ముందువైపు చూడనేలేదు. వెనక్కి తిప్పి, కళ్లజోడు పైకి తోసి, "ఈ చెల్లు ఎవరి చేతిరాత?" అన్నాడు. నాదేనన్నాను. నోటు నా వైపు నెట్టేశాడు.

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి అప్పుకి దావా వేయడానికి మూడేళ్లే గడువు. మధ్యలో కొంత చెల్లిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. నిజమే. కానీ ఆ చెల్లింపు మాట అప్పు తీసుకున్నవాడి చేతిరాతలోనో, వాడి సంతకంతోనో ఉండాలి. ఇచ్చినవాడు రాసుకుంటే అది డైరీ. లేకపోతే ప్రతివాడూ మూడేళ్లకోసారి "పది రూపాయలు చెల్లు" అని రాసుకుని అప్పుని వందేళ్లు బతికించేస్తాడు కదా. ఆలోచిస్తే సబబే. ఆ రోజు మాత్రం సబబు అనిపించలేదు.

దీనికీ ఒక వెనక తలుపుంది. గడువు దాటిన అప్పు చచ్చిపోదు, దావా వేసే దారి మాత్రమే మూసుకుపోతుంది. అలాంటి అప్పుని తీరుస్తానని మళ్లీ కాగితం మీద రాసి సంతకం పెడితే, కొత్త బదులేమీ లేకపోయినా ఆ మాట చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం ఇరవై అయిదో సెక్షనే చెబుతోంది. మాటలు జాగ్రత్తగా చూసుకోవాలి. గడువు లోపల "నీకు బాకీ ఉన్నాను" అని రాసిచ్చినా చాలు, గడువు కొత్తగా మొదలవుతుంది. గడువు దాటాక "ఉన్నాను" సరిపోదు, "ఇస్తాను" అని ఉండాలి. నా స్నేహితుడు మంచివాడు, నాలుగు లైన్లు రాసిచ్చాడు. మంచివాడు కాకపోతే ఆ 35 వేలకి నీళ్లొదులుకోవాల్సిందే.

తప్పితే ఎంత?

చిన్నాన్న అసలు టెన్షన్ ఇదీ: "మాట తప్పాననుకో, జైల్లో వేస్తారా?" వేయరు. ఇది సివిల్ వ్యవహారం. మాట తప్పడం వల్ల అవతలివాడికి మామూలుగా ఎంత నష్టం వస్తుందో అంత కట్టించడమే కాంట్రాక్టు చట్టం డెబ్బై మూడో సెక్షను పని. షావుకారు అలాంటి కాపే ఇంకో తోటలో కొనుక్కోవాలంటే లక్షా పది వేలు అవుతుందనుకుంటే, నష్టం 30 వేలు. దాంతోపాటు బయానా 5 వేలు ఎలాగూ వెనక్కివ్వాలి. "దీన్ని నమ్ముకుని బొంబాయి ఆర్డరు ఒప్పుకున్నాను, అది పోయింది, రెండు లక్షలు కట్టు" అంటే కుదరదు. ఆ ఆర్డరు సంగతి అరుగు మీదే చెప్పి ఉంటే వేరు. షావుకారు చేతులు ముడుచుకు కూర్చుని నష్టం పెరగనివ్వకూడదు కూడా, దొరికే చోట సరుకు చూసుకోవాలి. లెక్క వేస్తే కొత్త వ్యాపారి దగ్గర చిన్నాన్నకి వచ్చే లాభం 30 వేలు, పాత షావుకారుకి కట్టాల్సిన నష్టం 30 వేలు. కోర్టు ఖర్చులు అదనం.

షావుకారే తప్పుకుని ఉంటే బయానా మింగేయొచ్చా? 5 వేలు ఉంచుకోవచ్చు. కానీ పెద్ద అడ్వాన్సు అయితే అంత తేలిక కాదు. ఢిల్లీలో లక్షా పన్నెండు వేల అయిదు వందలకి ఒక బంగళా బేరం కుదిరింది. కొనేవాడు 1,000 బయానా, తర్వాత 24,000 కట్టి వెనక్కి తగ్గాడు. అమ్మేవాడు వెయ్యి ఉంచుకోవచ్చు గానీ, నష్టం జరిగిందని చూపించకుండా 24 వేలు పట్టుకుపోవడానికి వీల్లేదని 1963లో సుప్రీంకోర్టు చెప్పింది. "మధ్యలో మానేస్తే కట్టినదంతా పోతుంది" అని రసీదు వెనక అచ్చు వేసినంత మాత్రాన అంతా పోదు.

ఇద్దరి తప్పూ లేకుండా చెట్లే పోతే? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి కొండల దాకా చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ముందే గుత్తకి ఇచ్చిన తోట అలా పోతే, చేయడం అసాధ్యమైన ఒప్పందం యాభై ఆరో సెక్షను కింద ముగిసిపోతుంది, బయానా తిరిగి ఇచ్చేయాలి. పూత రాలి కాపు సగానికి పడితే మాత్రం అది అసాధ్యం కాదు, నష్టం. గుత్త అంటేనే కాపు ఎక్కువైనా తక్కువైనా నాదే అని ఒప్పుకోవడం. యుద్ధం వల్ల ధరలు పెరిగాయి, సైన్యానికి నెయ్యి పాత రేటుకి ఇవ్వలేమన్న వ్యాపారులకి 1960లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: గిట్టకపోవడం వేరు, కుదరకపోవడం వేరు.

ఒక్క సంగతి మిగిలింది, సరిహద్దు. షావుకారు పలాసలో, తోట గజపతిలో. కేసు ఎక్కడ? ప్రతివాది ఉండే చోట వేయొచ్చు, ఒప్పందం పుట్టిన చోట వేయొచ్చు. అరుగు మీద పుట్టింది కాబట్టి ఒడిశా కోర్టుకి హక్కుంది. అదే బేరం ఫోన్లో కుదిరి ఉంటే? అహ్మదాబాదు నుంచి ఒకరు ఫోన్ చేసి పత్తిగింజల చెక్క కొంటామన్నారు, ఖామ్‌గావ్ నుంచి సరే అన్నారు. "సరే" అన్న మాట ఎక్కడ చెవిన పడిందో అక్కడే ఒప్పందం పుట్టిందని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే షావుకారు పలాస నుంచి ఫోన్ చేసి, చిన్నాన్న తోటలో నిలబడి "సరే" అని ఉంటే, ఆ ఒప్పందం పుట్టిన ఊరు పలాస.

చిన్నాన్న ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత షావుకారుకి ఫోన్ చేసి ధర పెరిగిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. షావుకారు మర్నాడే వచ్చాడు. మళ్లీ అరుగు, మళ్లీ టీ. 92 వేలకి ఇద్దరూ సర్దుకున్నారు. పాత ఒప్పందం బదులు కొత్తది పెట్టుకుంటే పాతదాంతో ఇంక పని లేదని అరవై రెండో సెక్షను అంటుంది. ఈసారి పిన్ని లోపలికి వెళ్లి ఎవరిదో పెళ్లి శుభలేఖ తెచ్చింది. దాని ఖాళీ వైపు చిన్నాన్న తెలుగులో రాశాడు, 92 వేలని అక్షరాల్లో కూడా రాశాడు. షావుకారు సంతకం పెట్టాక, పెన్ను నాకిచ్చి సాక్షి సంతకం పెట్టమన్నాడు.